రుచి చెప్పిందెవరు

ఆ ఉదయం కూడా ఆమె అందరికన్నా ముందు లేచి బల్ల మీద ఆరు కప్పులు వరసగా పెట్టింది. ఒక్కోదాంట్లో ఒక్కో తోట కాఫీ పొడి వేసి, వేడినీళ్లు పోసి, పైకి తేలిన తెట్టును చెంచాతో పక్కకు తోసింది. చెంచాడు కాఫీ సర్రున జుర్రి, నోరంతా తిప్పి, గిన్నెలో ఊసింది. ఎదురుగా భర్త కాగితం పట్టుకుని కూర్చున్నాడు.

"మూడోది?"

"పులుపు బాగుందండీ. నిమ్మ పులుపు కాదు, ద్రాక్ష పులుపు. చివర్న కాస్త వగరు."

"నాలుగు?"

"గోనెసంచి వాసన. వద్దని రాయండి."

ఆయన రాసి కింద సంతకం పెట్టాడు. ముప్పై ఏళ్లుగా కాఫీ వ్యాపారులు ఆ సంతకం చూసే గింజలు కొంటున్నారు. రెండేళ్ల కిందట ఆయనకు జ్వరం వచ్చింది. తగ్గింది గానీ, పోతూ పోతూ వాసననూ రుచినీ వెంట తీసుకుపోయింది. ఇక తిరిగి రాకపోవచ్చని డాక్టరు చెప్పేశాడు. ఆ సంగతి ఇంట్లో ముగ్గురికే తెలుసు: ఆయనకు, భార్యకు, వెనక గదిలో గింజలు వేయించే కూతురికి.

పదింటికి రేడియో అమ్మాయి వచ్చింది. కాఫీ పనిలో పేరున్నవాళ్లతో మాట్లాడి, ఆ మాటలు వారానికొకరివి ప్రసారం చేస్తోంది. ఆయన హుషారుగా చెప్పుకొచ్చాడు. మొదట్లో బస్తాలు మోసిన రోజులు, నాలుక కాలి తిట్లు తిన్న రోజులు, ఒక్క గుటకతో తోట పేరు చెప్పిన రోజు.

"ఇప్పటికీ ప్రతి కప్పూ మీరే రుచి చూస్తారా సార్?"

"నేను కాకపోతే ఇంకెవరు చూస్తారమ్మా?"

ఆ అమ్మాయి నవ్వి, కప్పులు తీస్తున్న ఆమె వైపు తిరిగింది. "మీరు కూడా చూస్తుంటారా మేడమ్?"

ఆమె నోరు తెరిచేలోపే ఆయన అందుకున్నాడు. "ఆవిడకేం తెలుసు? పాలూ పంచదారా దండిగా పడితే అదే కాఫీ ఆవిడకి."

ఆమె కప్పులు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

రేడియో అమ్మాయి వెళ్లాక కూతురు వెనక గదిలోంచి వచ్చింది. "ఆ మాట అనకుండా ఉండాల్సింది నాన్నా."

"సరదాకన్నానే. దానికింత రాద్ధాంతమా?"

"సరదాకే అయితే నవ్వు రావాలిగా," అంది భార్య, చేతులు తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడి. గొంతు పెంచలేదు. "రెండేళ్లు నా నోరు మీకు అరువిచ్చాను. అది చూసి నాకసలు నోరే లేదనుకున్నారు. రేపట్నుంచి మీరే చూసుకోండి."

మర్నాడు ఆమె బల్ల దగ్గరికి రాలేదు. ఆయనే కప్పులు పెట్టుకున్నాడు. మొదటిది జుర్రాడు. వేడినీళ్లు. రెండోదీ వేడినీళ్లే. ఆరోదాకా వచ్చాడు, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. కాగితం తెల్లగానే ఉంది. కూతురు వచ్చేసరికి చెంచా చేతిలో అలాగే ఉంది, కళ్లనీళ్లు గడ్డం మీదుగా కారుతున్నాయి.

"అమ్మని పిలవనా?"

ఆయన తలూపాడు.

ఆమె వచ్చి ఎదురు కుర్చీలో కూర్చుంది. ఆయన కళ్లు తుడుచుకున్నాడు. "భయం వేసిందే. నాకు రుచి తెలీదంటే ఇక నేనెవర్ని?"

ఆమె ఆయన చేతిలోని చెంచా తీసి బల్ల మీద పెట్టింది.

"నువ్వెప్పుడు నేర్చుకున్నావు? ఒక్కసారి కూడా అడగలేదు నేను."

"పెళ్లయిన కొత్తలో. రోజూ ఈ బల్ల దగ్గర రుచి చూసి, ఏ కాఫీలో ఏముందో గంటలకొద్దీ చెప్పేవారు. తర్వాత మీ కప్పులు కడిగేముందు అడుగున మిగిలింది నాలిక్కి రాసుకునేదాన్ని. మీరన్నది దొరికేదాకా."

ఆయన రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు.

ఆ మధ్యాహ్నం ఆయనే రేడియో అమ్మాయికి ఫోన్ చేసి, తను చెప్పింది అబద్ధమన్నాడు. తర్వాత వ్యాపారులకు చేశాడు. ఇద్దరు ఆ రోజుతో తెగతెంపులు చేసుకున్నారు. అందులో ఒకాయన పాతికేళ్ల స్నేహితుడు, మధ్యలోనే ఫోన్ పెట్టేశాడు. మూడో ఆయన మాత్రం, "రెండేళ్లలో ఒక్క బస్తా కూడా తేడా రాలేదు. ఇకమీదట ఆవిడనే సంతకం పెట్టమనండి," అన్నాడు.

వారం తిరిగాక రేడియో అమ్మాయి మళ్లీ వచ్చింది. ఈసారి మైకు ఆమె ముందు పెట్టింది. ఆమె ఏం చెప్పాలో తెలియక భర్త వైపు చూసింది. ఆయన ఒక కప్పు ఆమె వైపు జరిపాడు. ఆమె కప్పు అందుకుని జుర్రింది.

"ఇందులో... వాన పడి వెలిసిన తర్వాత తోటలో తిరిగితే ఎలా ఉంటుందో, అలా ఉంది. తర్వాత మెల్లగా తీపి వస్తుంది. ఎండు ఖర్జూరంలాంటి తీపి. పోతూ పోతూ కాస్త చేదు. అది చెడ్డ చేదు కాదు."

ఇన్నాళ్లూ ఆమె మాట పూర్తయ్యేలోపే ఆయన కలం కదిలేది. ఇవాళ చేతిలో కలం లేదు, కాగితం లేదు. కళ్లు మూసుకుని విన్నాడు.

"ఇంకోసారి చెప్పవూ?" అన్నాడు.

ఆమె మళ్లీ మొదట్నుంచీ, నెమ్మదిగా చెప్పింది.