బొట్టు లేని రాక్షసుడు

తడ చెక్‌పోస్టు దగ్గర మద్రాసు బస్సు ఆగింది. అందరూ దిగారు, కిటికీ పక్కన కూర్చున్న ఒక్క మనిషి తప్ప. కండక్టర్ భుజం తట్టాడు. మనిషి పక్కకు ఒరిగిపోయాడు. మెడ వెనక ఆవగింజంత సూది గుర్తు. సూళ్ళూరుపేటలో పక్క సీటు ఆడమనిషి దిగిపోయిందట, మొహం ఎవరూ సరిగ్గా చూడలేదు. చనిపోయినవాడి జేబులో మూడంగుళాల ప్లాస్టిక్ బొమ్మ ఒకటి దొరికింది. తేలు తల, మనిషి ఒళ్ళు, విరిగిన తోక.

ఆ బొమ్మను చూడగానే ఏజెంట్ పెంచలయ్య గుర్తుపట్టాడు. గుర్తుపట్టకుండా ఉంటే ఎంత బాగుండేది అనుకున్నాడు. ఆ తోక విరిగింది తన చేతిలోనే. దాన్ని చిత్తూరు పరంధామయ్యకు ఇచ్చిందీ తనే.

మరునాడు మధ్యాహ్నం తిరుపతి లాడ్జిలో పదకొండో నంబరు గది తలుపు తట్టాడు.

"మొక్కు తీరిందా?" లోపలినుంచి గొంతు.

"ఇంకా కొండెక్కలేదు."

తలుపు తెరుచుకుంది. నున్నటి గుండు, నుదుట నామం, చేతిలో లడ్డూ సంచి. డిపార్ట్‌మెంట్ చీఫ్ వెంకటరమణ మారువేషంలోనూ ఇస్త్రీ చొక్కా మానలేదు.

"వడమాలపేట రాడార్ స్టేషన్ ప్లాన్లు మైక్రోఫిల్మ్ అయ్యాయి. ఫిల్మ్ ఒక బొమ్మ కడుపులో ఉంది. ఏ బొమ్మో తెలీదు. చచ్చినవాడు దాన్ని మోసే కొరియర్. వాడి డైరీలో ఒకే పేరుంది, పరంధామయ్య, ఆ స్టేషన్‌లోనే డ్రాఫ్ట్స్‌మన్."

పెంచలయ్య తలుపు మూశాడు. "సార్, పరంధామయ్యకు ఈ రాక్షసుల పిచ్చి ఎక్కించింది నేనే."

నిజమే మరి. మూడేళ్ళ కింద విదేశీ ముఠా ఇలాంటి బొమ్మల్లో రహస్యాలు దాటిస్తోందని తెలిస్తే, పెంచలయ్య వాటిని పోగుచేసేవాడి వేషం కట్టాడు. ఏదో అంతరిక్ష సినిమాలో ఎనిమిదిమంది రాక్షసులు, వాళ్ళ బొమ్మలు. మద్రాసులో ఫారిన్ సరుకు అమ్మే అంగళ్ళలో, రెక్కలవాడు తప్ప ఒక్కొక్కడినీ ఏరుకొచ్చాడు. నలభై దాటిన మనిషి రాక్షసుల కోసం అంగళ్ళు గాలించడమేమిటని నవ్వకండి. వేషం కాస్తా వ్యసనమైంది. తోడుగా పరంధామయ్యనూ లాగాడు. ఇద్దరూ ఉత్తరాలు రాసుకునేవారు, బొమ్మలు మార్చుకునేవారు. పెంచలయ్యకు ఈ భూమ్మీద స్నేహితుడంటే అతనొక్కడే.

"మోహిని రిపోర్టు పంపింది," అన్నాడు చీఫ్. మోహిని అంటే ముఠాలో చేరి మనకు కబుర్లందించే డబుల్ ఏజెంట్, చూస్తే రెప్ప వెయ్యబుద్ధి కాదు. "ఈ సాయంత్రం ఆరింటికి పరంధామయ్య తన ఇంట్లో ఫిల్మ్ ఆమెకు అప్పగిస్తాడు. ఆమె రుమాలు కింద పడేస్తే ఫిల్మ్ అతని దగ్గరున్నట్టు. ఆ తర్వాత అతని చెయ్యి జేబులోకి పోతే ఆలోచించకు. రివాల్వర్ ఉంటుంది."

ఫౌంటెన్ పెన్ ఒకటి చేతికిచ్చాడు. మూత తిప్పితే ట్రిగ్గర్. లోపల ఒకే ఒక బుల్లెట్.

"ఇంకెవరినైనా పంపండి సార్."

"నీకైతే తలుపు తీస్తాడు."

చిత్తూరు బస్సులో పెంచలయ్య కిటికీలోంచి ఏమీ చూడలేదు. ఎన్నో వేషాలు కట్టినవాడు, సన్యాసి నుంచి సోడా అమ్మేవాడి దాకా. ఈ రోజు స్నేహితుడి వేషం కట్టాలి. ఛీ, ఏం బతుకురా ఇది అనిపించింది.

అయిదున్నరకు పరంధామయ్య ఇల్లు పేరంటాళ్ళతో కిటకిటలాడుతోంది. దసరా ఆరో రోజు.

"రాప్పా రా! నీ కోసమే సూస్తాండా!" పరంధామయ్య చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్ళాడు. "మా ఇంటామె చేసిన పని సూడు!"

హాల్లో ఏడు మెట్ల బొమ్మల కొలువు. పైన కలశం, దశావతారాలు, చెట్టియారు దంపతులు. అట్టడుగు మెట్టు మీద వరసగా ఆరుగురు రాక్షసులు. ప్రతివాడి నుదుటా ఎర్రటి కుంకుమ బొట్టు!

"ఏం చేసేదన్నా," నవ్వింది పరంధామయ్య భార్య భారతమ్మ, గుగ్గిళ్ళ పళ్ళెం అందిస్తూ. "ఈయన పోరు పడలేక పెట్టినాను. కొలువుకొచ్చినాక దెయ్యమైనా మా ఇంటి బొమ్మే గదా. కలశం పెట్టేటప్పుడు అందరితోపాటు వీళ్ళకూ బొట్టు పెట్టేసినా. ఇంక దశమి దాకా ఎవురూ కదిలించేదానికి లేదు."

"తేలోడు కనపడలేదే?" అన్నాడు పెంచలయ్య, మామూలుగా అడిగినట్టు.

"పోయిన వారం మద్రాసు నుంచి ఒగాయన వచ్చినాడప్పా. వాడి కప్పమొగమోడిని నాకిచ్చి తేలోడిని తీసకపాయ. మంచి బేరమే గదా?"

అబద్ధం చెప్పే మొహమేనా ఇది? రెండు గుగ్గిళ్ళు నోట్లో వేసుకుని పళ్ళెం పక్కన పెట్టేశాడు.

ఆరుకు పది నిమిషాలుండగా వాకిట్లో కారు ఆగింది. ఇంజన్ ఆపలేదు. చిలకపచ్చ కంచిపట్టు, ముడి నిండా మల్లెలు, ముడిలో వెండి సూది. మోహిని! ఆడవాళ్ళంతా చోటిచ్చారు. ఆమె కొలువు ముందు మోకరిల్లి, పైటచెంగు పరిచినట్టు వంగి, చాలాసేపు దణ్ణం పెట్టింది. లేచి తాంబూలం అందుకుని బ్యాగులో వేసుకుంది.

గోడ గడియారం ఆరు కొట్టసాగింది. మోహిని చేతిలోంచి రుమాలు జారింది.

"ఓ అప్పా," అన్నాడు పరంధామయ్య మెల్లగా, "నీకొకటి ఇయ్యాల." చెయ్యి జేబులోకి పోయింది.

పెంచలయ్య పెన్ను తీశాడు. మూత మీద వేలు పడింది. స్నేహితుడి మొహం చూస్తూ మాత్రం ఆ పని చెయ్యలేడు. అందుకే కళ్ళు దించి రాక్షసుల వైపు తిప్పుకున్నాడు. ఒకటి, రెండు, మూడు...

మూడోవాడు కప్పమొహం వాడు. నుదుట బొట్టు లేదు!

"భారతమ్మా!" ఇల్లదిరేలా అరిచాడు పెంచలయ్య. "మూడో రాక్షసుడి బొట్టు ఏమైంది?"

భారతమ్మ వంగి చూసింది. "అయ్యో, ఇది మన బొమ్మ కాదే! కలశం పెట్టినాక బొమ్మను మార్చిందెవురు?"

చివరగా వంగినదెవరో అందరూ చూశారు. పాతిక జతల కళ్ళు మోహిని వైపు తిరిగాయి. ఆమె గుమ్మం వైపు ఒక్క అడుగు వేసేలోపు భారతమ్మ మణికట్టు పట్టేసింది. "యాడికి పోతావు? మా బొమ్మ పెట్టి పో!"

బ్యాగు కింద పడింది. తమలపాకుల మధ్యనుంచి దొర్లాడు అసలు కప్పమొహం వాడు, నుదుట కుంకుమతో. తల ఊడి, కడుపులోంచి నల్లటి ఫిల్మ్ చుట్ట బయటపడింది. మోహిని రెండో చెయ్యి ముడిలోని సూది మీదికి పోయింది. భారతమ్మ మెడకు జానెడు దూరంలో పెంచలయ్య ఆ చెయ్యి ఒడిసిపట్టాడు. బయట కారు పారిపోబోయి వీధి చివర చీఫ్ కాపలా పెట్టిన పోలీసు జీపు ముందు ఆగిపోయింది.

కొరియర్ ఫిల్మును ఇక్కడ దాచి, ఆ సంగతి మోహినికి చెప్పి, ఆమె సూదికే చచ్చాడు. ఆమె ఫిల్మ్ పట్టుకుని చక్కాపోవాలి, నింద మోసేవాడు చావాలి. ఆమె రిపోర్టు నమ్మి, చంపడానికి చీఫ్ స్నేహితుడినే పంపాడు. పెంచలయ్య పెన్నును జేబు అడుక్కి తోసేశాడు.

చీఫ్ వచ్చి ఫిల్మ్ తీసుకున్నాడు. బొమ్మ కూడా సాక్ష్యమే అన్నాడు. భారతమ్మ అప్పటికే దాన్ని మెట్టెక్కించి కొత్త బొట్టు పెట్టేసింది.

"దశమి దాకా కదలదు సార్. ఒగసారి జరిగిన అపచారం చాలు."

చీఫ్ గుండు నిమురుకున్నాడు. "పెంచలయ్యా, నాలుగు రోజులు ఇక్కడే కాపలా."

జనం పోయాక పరంధామయ్య మళ్ళీ జేబులో చెయ్యి పెట్టి తీశాడు. అరచేతిలో ఏడోవాడు, రెక్కల రాక్షసుడు. రెండేళ్ళుగా పెంచలయ్య వెతకని ఊరు లేదు.

"నీకేనప్పా. నా దగ్గర ఆరు సాలు. ఏంది, కండ్లల్లో నీళ్ళు?"

"గుగ్గిళ్ళల్లో కారం."

"ఇచ్చినట్టు నోట్‌బుక్కులో రాసుకోవాల. ఆ పెన్ను ఒగసారి ఇటియ్యి."

పెంచలయ్య జేబు మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"ఇది రాయదప్పా. ఈ పొద్దే తెలిసింది."