నాలుగో వరద

మూడో వరద తీసేశారు. నేలలోని జాలీల గుండా నీళ్ళు గుడగుడమంటూ దిగిపోతుంటే, సన్యాసమ్మ తడిసిన పైజామా కాళ్ళు పిండుకుని మళ్ళీ నేల మీద తనకు గీసిన గుర్తు మీదికి వెళ్ళి నిలబడింది. మిగతా అయిదుగురు అనుచరులూ వచ్చి పక్కన నిలబడ్డారు. సాయంత్రంలోగా ఇంకా తొమ్మిది వరదలున్నాయి.

నాయకత్వ పరీక్ష గట్టెక్కనిదే ఏ శాఖ విద్యార్థికీ పట్టా ఇవ్వరు. దంతవైద్యం చదివినా, వ్యాకరణం చదివినా ఆఖరి ఏడాది ఈ వరదశాలకు రావలసిందే. లోపలికి వదిలే నీళ్ళు నడుము దాకా రాకముందే ఆరుగురు అనుచరుల్ని పైకి చేర్చాలి. ఆజ్ఞ ఇవ్వడంలో జాప్యం, గొంతులో వణుకు, చూపులో నిలకడ, అన్నిటినీ గోడల్లో ఉన్న నిర్ణాయకం అనే యంత్రం తూచి మార్కులు వేస్తుంది. మొదట్లో అనుచరులుగా యంత్రాలనే పెట్టారు. అలిసిపోని వాటిని, భయపడని వాటిని నడిపించడం ఏం గొప్పని ఎవరో అన్నాక మనుషుల్ని తెచ్చారు. వాళ్ళకు ఒకటే నిబంధన. చెప్పింది చెయ్యాలి, నోరు మెదపకూడదు. తప్పు దారి చూపిస్తే తప్పు దారినే పోవాలి.

ఈ పనిలో చేరిన పదకొండేళ్ళలో ఆ నిబంధన సన్యాసమ్మ ఒంట్లోకి ఇంకిపోయింది. బస్సులో ఎవరో ఎవరినో "దిగు" అని గద్దిస్తే తన స్టాపు కాకపోయినా దిగిపోయేది. కూరల బజారులో ఏం కావాలో తేల్చుకోలేక, అమ్మేవాడు ఏది తీసుకోమంటే అదే తెచ్చుకునేది.

ఆ ఉదయం మొదట వచ్చిన వాణిజ్య శాఖ కుర్రాడి గొంతు కంచులా ఉంది. "ఎడమ మెట్లు! పదండి!" అన్నాడు. ఎడమ మెట్లలో అడుగు మెట్టు ఊడిపోయి నెల దాటింది. అనుచరులందరికీ తెలుసు. అయినా పోయారు. సన్యాసమ్మ మోకాలు చెక్కుకుపోయింది. కుర్రాడికి తొంభై ఒక్క మార్కులు పడ్డాయి.

గంట మోగింది. చేనేత శాఖ విద్యార్థిని లోపలికి వచ్చింది. ఛాతీ మీది పట్టీలో కెజియా అని ఉంది. నీళ్ళు మొదలయ్యాయి. ఆ పిల్ల ఎడమకు చూసింది, కుడికి చూసింది, తర్వాత అనుచరుల వైపు తిరిగింది.

"నాకు ఈ చోటు తెలీదు. మీరు రోజూ ఇక్కడే ఉంటారు కదా, ఎటు వెళ్దాం?"

తప్పు జరిగిందన్నట్టు గోడ మీద ఎర్ర దీపం వెలిగింది. ఎవరూ కదల్లేదు. నీళ్ళు పిక్కలు దాటాయి. కెజియా సన్యాసమ్మ ముందుకొచ్చి, చెక్కుకుపోయిన మోకాలి దగ్గర చిరిగిన గుడ్డ చూసింది.

"పిన్నీ, మిమ్మల్నే అడుగుతున్నాను."

సన్యాసమ్మ నోరు తెరిచింది. మాట రాలేదు. నీళ్ళు తొడల దాకా వచ్చాయి. రెండోసారి తెరిస్తే వచ్చింది.

"ఎడమేపొద్దమ్మా. అడుగు మెట్టు ఊడిపోనాది. కుడేపు పోదాం."

"కుడేపు గొలుసుంది, అట్టుకుందాం" అన్నాడు వెనక నుంచి లచ్చయ్య.

"అయితే మీరు ముందు నడవండి, నేను ఆఖర్న వస్తాను" అంది కెజియా.

ఏడుగురూ పైకి చేరారు. ఒక్కరూ జారలేదు.

మార్కులు మాత్రం పడలేదు. నిర్ణాయకం తెర మీద ఒకే ప్రశ్న నిలిచింది: నాయకుడెవరు?

పర్యవేక్షకుడు భానోజీ పై గదిలోంచి మెట్లు దిగి వచ్చాడు. మనిషి మొహం నిద్రలేక పీక్కుపోయి ఉంది. "పేరు కొట్టందే నీళ్ళు దిగవు, తర్వాతి వాళ్ళకి తలుపు తెరుచుకోదు. ఎవరి పేరు కొట్టమంటారు?"

"ఈ పిన్నిదే. దారి చూపించింది ఆవిడే" అంది కెజియా.

"కాదు బాబూ, ఆ పిల్లదే" అంది సన్యాసమ్మ. "పదకొండేళ్ళయినాది, ఇక్కడ నన్నెవులూ ఏటీ అడగనేదు. ఇది అడిగింది. అడిగితే సెప్పీసినాను."

"సన్యాసమ్మా, నీ పేరు కొడితే ఈ అమ్మాయి తప్పుతుంది. ఈ అమ్మాయి పేరు కొడితే నువ్వు అనుచరుల్లో ఉండి నోరు విప్పినట్టు రాసి నిన్ను పంపేయాలి. మూడో గడి లేదు."

"నన్ను తప్పించండి సార్. ఆవిడ పని తీయకండి" అంది కెజియా. చలికి పళ్ళు టకటకలాడుతున్నా గొంతు తడబడలేదు.

బయట వరసలో ఉన్న విద్యార్థులు తలుపు తట్టడం మొదలుపెట్టారు. భానోజీ వేలు మీట మీదికి పోయింది. అక్కడే ఆగింది. తర్వాత అతను చెయ్యి వెనక్కి తీసుకుని, తడి మెట్టు మీద కూలబడ్డాడు.

"నాకూ తెలీడం లేదు" అన్నాడు మెల్లగా. "ఏం చేద్దాం, సన్యాసమ్మా?"

తలుపు మీద చప్పుడు పెరుగుతోంది. సన్యాసమ్మ తొందరేమీ లేనట్టు, ఆలోచించుకోవడం మొదలుపెట్టింది.