ఒంటి గ్లౌజు

"గంత రోడ్డుంటే నా సైకిలే దొరికిందా?"

మావల దారిలో, శనగ చేను పక్కన, పడిపోయిన సైకిల్‌ని లేపుకుంటూ ఆ అమ్మాయి గయ్యిమంది. ముఖమంతా స్కార్ఫ్. కనిపించేవి రెండు కళ్లు, అవీ కోపంగా.

"బ్రేక్ వేద్దామంటే వేళ్లు వంగలేవండీ!" ఢీకొట్టిన రంజిత్ చేతులు చాపి చూపించాడు.

ఆదిలాబాద్‌లో ఆ పొద్దు నాలుగు డిగ్రీలు. సీసాల్లో కొబ్బరినూనె గడ్డకట్టే చలి. ఇతగాడేమో ఉత్త చేతులతో సైకిల్ షికారుకు బయల్దేరాడు!

కొంకర్లుపోయిన ఆ వేళ్లు చూసి, ఆమె తన కుడిచేతి ఉన్ని గ్లౌజు తీసిచ్చింది. "నీకొకటి, నాకొకటి. రేపు తెచ్చియ్యాలె."

మరునాడు తెచ్చాడు. "చలి తగ్గలే గదా, ఉంచుకో" అంది. అలా చెరో గ్లౌజుతో, రెండో చెయ్యి జేబులో దోపుకుని, రోజూ పక్కపక్కనే తొక్కసాగారు.

ఆమె పేరు నర్మద. బ్యాంకు ట్రైనింగ్‌కు వచ్చింది. ఏది చూసినా ఆగి అడగాల్సిందే. శనగాకు మీద తెల్లగా పేరుకున్న మంచును వేలితో తీసి, స్కార్ఫ్ కిందినుంచే నాలుక మీద పెట్టుకుంది.

"గీ మంచు పుల్లగున్నదేంది?"

"పులుపు మంచుది గాదు, శనగాకుది."

ఆమెకు వంద ప్రశ్నలు. రంజిత్‌కు ఒక్కటే: ఆ స్కార్ఫ్ వెనక ముఖం ఎట్లుంటుంది? నెల గడిచినా అడిగే ధైర్యం రాలేదు.

"ట్రైనింగ్ అయిపోయింది. ఎల్లుండి మంచిర్యాలకు, మా ఇంటికి పోతున్న" అందోరోజు.

రంజిత్ సైకిల్ ఆపేశాడు. ముక్కు తుడుచుకుందామని జేబులోంచి రుమాలు లాగాడు. దాంతోపాటు కొత్త గ్లౌజుల జత కిందపడింది.

నర్మద తీసి చూసింది. "ఇవెవరియి?"

"నావే. మొదటి రోజు సాయంత్రమే కొన్న."

"మరి నెల రోజులు నన్నెందుకు వణికించినవ్?"

"నీది వాపస్ తీసుకుంటే మల్ల మాట్లాడవని పరేషాన్ అయిన. నువ్వంటే నాకు ఇష్టం, నర్మదా."

ఆమె సైకిల్ బుట్టలో చెయ్యిపెట్టి ఓ ప్యాకెట్ తీసింది. అందులోనూ కొత్త గ్లౌజులు, ధర చీటీ కూడా చింపనివి.

"నేను సుత రెండో రోజే కొన్న."

ఇద్దరూ పగలబడి నవ్వారు. నవ్వులో స్కార్ఫ్ జారిపోయింది.

"ఏం చూస్తున్నవ్?"

"ముక్కు ఎర్రగున్నది. మస్తున్నది."

సిగ్గుపడుతూ రంజిత్ ఒంటి గ్లౌజు తీసి ఇవ్వబోయాడు. ఆమె తీసుకోలేదు.

"ఆదివారం మంచిర్యాలకు తెచ్చియ్యి. బాపుకు చెప్పి పెడత."

"ఏమని?"

"నా గ్లౌజు దొంగ వస్తుండని."