ఇంకో అడుగు

నేను చేసిన తప్పును చదవాలంటే అద్దం కావాలి.

ఆ తప్పు ఎర్రటి పట్టు కండువా మీద, జరీతో, బెత్తెడు అక్షరాల్లో ఉంది. తిప్పేస్వామి ఇంట్లో మగ్గం పక్కన చాప మీద పరిచి ఉంది. చాప అవతల ఆయన కూతురు హేమావతి కూర్చుని ఉంది. నన్ను పిలిపించింది ఆమే. ఫోన్లో "బిన్నా రా" అని ఒక్క మాట అంది. ఆ పిల్ల నన్ను అంత తొందరగా రమ్మనడం అదే మొదటిసారి కాబట్టి, తల దువ్వుకుని చొక్కా మార్చుకుని మరీ వెళ్ళాను.

"చదువు," అంది.

చూశాను. అక్షరాలన్నీ తెలిసినవే. కాకపోతే అన్నీ అలిగినట్టు అటు తిరిగి కూర్చున్నాయి.

"తిరగేసి పడినట్టుండాది," అన్నాను.

"పడినట్టు కాదు. పడిండాది. నా అట్టలో తప్పు రాదంటివే. ధర్మవరంలో నా అంతటోడు లేడంటివే."

అన్నాను. ఇప్పటికీ అంటాను. నా పేరు రాజేంద్ర. మగ్గం మీద జాకార్డుకు తగిలించే డిజైను అట్టలు కొట్టడం నా పని. అట్టలో ఎక్కడ చిల్లు పడితే చీరలో అక్కడ జరీ తేలుతుంది. ఏడేళ్ళుగా నెమళ్ళు, మామిడి పిందెలు, ఏనుగులు కొడుతున్నాను. ఇంతవరకూ ఒక్క నెమలి కూడా నా మీద ఫిర్యాదు చేయలేదు.

నెమలికి ఒక మంచి గుణం ఉంది. ఎడమకు తిరిగినా కుడికి తిరిగినా నెమలే. అక్షరానికి ఆ గుణం లేదు. నేను అక్షరాలు కొట్టడం ఇదే మొదలు.

వాళ్ళ మగ్గం మీద బట్ట బోర్లా పడుతుంది. అసలు ముఖం కిందికి ఉంటుంది, నేసేవాళ్ళకు కనిపించేది వెనక వైపు. అందుకని అక్షరాలను ముందే తిరగేసి కొట్టాలి. నెమళ్ళకు అలవాటుపడిన చెయ్యికి ఆ సంగతి తట్టలేదు. హేమావతి మాత్రం రెండు వారాలు, రోజూ చీర పని అయిపోయాక, ఆ కండువా నేసింది. పైన కనిపించే అక్షరాలు చక్కగా ఉన్నాయి కదా అని ఒక్కో పోగూ ఇష్టంగా వేసింది. ఈ మధ్యాహ్నం మగ్గం మీద నుంచి కోసి తిప్పితే అసలు సంగతి బయటపడింది.

"కింద అద్దం పెట్టుకోని గూడా చూసినాను," అంది. కింది వైపు జరీ ఎలా పడుతోందో చూసుకోవడానికి వాళ్ళ మగ్గం కింద ఒక అద్దం ముక్క ఉంటుంది. "అద్దంలో గూడా సరిగ్గానే ఉండె."

తిరగబడిన అక్షరం అద్దంలో సరిగ్గా కాక ఇంకెలా కనిపిస్తుంది? ఆ మాట నోటిదాకా వచ్చింది. ఆమె చేతిలో కత్తెర ఉందని ఆగిపోయాను.

ఆ కండువా వీరేష్ కోసం. గోరంట్ల వీరేష్ అంటే మా వైపు కుర్రకారుకు చెప్పనక్కర్లేదు. 'బోర్‌వెల్' అనే రాక్ బ్యాండులో పాటగాడు. ఈ సాయంత్రం ఏడింటికి అనంతపురంలో కచేరీ. హేమావతికి అతని పాటలన్నీ కంఠతా వచ్చు. ఏ పాటలో ఎక్కడ ఊపిరి పీలుస్తాడో కూడా వచ్చు. వాళ్ళ వీధిలో మగ్గం చప్పుడు వినపడిందంటే ఆ వెనకే వీరేష్ గొంతు వినపడుతుంది. నాకైతే ఆ గొంతు బోరు లారీ మిట్ట ఎక్కుతున్నట్టు ఉంటుంది. నా అభిప్రాయం ఎవరూ అడగలేదు.

మూడు వారాల కిందట ఒక కాగితం ముక్క పట్టుకుని ఆమె నా దుకాణానికి వచ్చింది.

"రెండు మాటలు అట్ట కొట్టియ్యాల. 'ఇంకో అడుగు'."

"అడుగుతా గానీ, ఏమడగాల?"

"ఆ అడుగు కాదప్పా. బోరు అడుగు."

అది అతని పాటలో మాట. పన్నెండొందల అడుగులు దిగినా చెమ్మ తగలని బోరు పక్కన నిలబడి, లారీవాడు మిషను ఆపబోతుంటే, రైతు 'ఇంకో అడుగు' అంటాడు. పాటంతా అంతే. మా జిల్లాలో ఆ మాట అనని ఇల్లు లేదు.

నిజానికి నేను ఆమెను అడగాల్సింది ఒకటి ఉంది. ఈ ఏడాదిలో మూడుసార్లు అడగబోయాను. మూడుసార్లూ "జరీ ఏ రంగు?" అని అడిగి ఇంటికొచ్చేశాను. కండువా బాగా కుదిరితే ఆ సంతోషంలో అడిగేద్దామని లెక్క వేసుకున్నాను. ఆ లెక్క ఇప్పుడు చాప మీద తిరగబడి పడుంది. ఈ రాత్రి కండువా వీరేష్ భుజం మీదికి చేరకపోతే హేమావతి నన్ను క్షమించదు. క్షమించని పిల్లను పెళ్ళికి అడగడం నాలాంటి మొండివాడికి కూడా కష్టమే.

"వెనక వైపు తిప్పి ఇయ్యి. సరిగ్గా కనపడుతాది," అన్నాను.

"జరీ పోగులు యాలాడే వైపు చూపించి ఇయ్యాల్నా? నేసేవాళ్ళ ఇంట్లో పుట్టి? దానికంటే ఇయ్యకుండా వచ్చేది మేలు."

అంతలో తిప్పేస్వామి లోపలి నుంచి వచ్చాడు. ఊళ్ళో నా ఈడు వాళ్ళంతా ఆయన్ను అన్నా అంటారు. నేను ముందుజాగ్రత్తగా మామా అంటాను.

"ఎవురమ్మీ నీతో వచ్చేది?" అని అడిగాడు కూతుర్ని.

"ఉమాదేవి రావల్సిండె నాయనా, రెండు టికెట్లు తీసి పెట్టినా. దానికి జ్వరమంట."

"మళ్ళ ఈయప్ప ఉండాడు కదా. తప్పు చేసినోడే తోడు రానీ. ఏమప్పా?"

"సరే మామా," అన్నాను. ఆమె స్నేహితురాలి జ్వరానికి మనసులో దండం పెట్టుకున్నాను.

బండి మీద నాకూ ఆమెకూ మధ్య కండువా సంచి కూర్చుంది. ఆకాశం నిండా మబ్బులు. సినిమాలో అయితే సరిగ్గా ఇక్కడ వాన పడాలి, ఇద్దరూ ఏ చెట్టు కిందికో పరిగెత్తాలి. మాది అనంతపురం కరువు సీమ. ఎదురుగా గాలి లేచి కళ్ళల్లో దుమ్ము పడింది.

"వీరేష్ పాట ఎప్పుడన్నా సరిగ్గా విన్నావా నువ్వు?" అంది వెనక నుంచి.

"మీ వీధిలో ఉంటే వినకుండా ఉండనీకి అయితాదా? గొంతు బోరు లారీ మాదిరి ఉండాది."

"బోరు పాటకు బోరు లారీ గొంతు కాకుండా కోయిల గొంతు పెడతారా?"

బండి అద్దంలో చూస్తే నవ్వు ఆపుకుంటోంది. నాకు కొంచెం ధైర్యం వచ్చి బండి వేగం తగ్గించాను.

"ఏంటికి నిదానం చేస్తాండావు?"

"రోడ్డు బాగలేదు."

"రోడ్డు బాగానే ఉండాది. బిన్నా పో."

మైదానం అప్పటికే నిండిపోయింది. హేమావతి నన్ను వెంటేసుకుని, మోచేతులతో దారి చేసుకుంటూ, వేదిక ముందున్న ఇనప కంచె దాకా వెళ్ళింది. అక్కడ నాలుగు వరసల అవతల ఒక పిల్ల చేతులు పైకెత్తి చిందులేస్తోంది. ఆ పచ్చ డ్రెస్సు ఎక్కడో చూసినట్టుంది.

"ఆ పాప ఉమాదేవి కదా?"

హేమావతి అటు చూడలేదు. "జ్వరం తగ్గిందేమో," అంది.

దాని గురించి ఆలోచించేలోపే లైట్లన్నీ ఆరిపోయాయి. చీకట్లో డ్రమ్ము ఒక్కటే మోగింది. వీరేష్ వచ్చాడు. ఫోటోల్లో కంటే పొట్టి, నల్ల టీషర్టు, కాళ్ళకు హవాయి చెప్పులు. మైకు ముందు నిలబడి నోరు తెరిచాడు.

నేను వేదిక వైపు చూసింది తక్కువ. హేమావతి ప్రతి పాటా అతనికంటే ఒక అర క్షణం ముందు పాడుతోంది. మగ్గం ముందు గంటల తరబడి వంగి కూర్చునే మనిషి, నిటారుగా, తల పైకెత్తి, ఎవరేమనుకుంటారన్న బెంగ లేకుండా పాడుతోంది. నేను ఇంతకాలం ఈ పిల్లను సగమే చూశాను అనిపించింది. ఆ సగానికే మూడుసార్లు మాట పడిపోయింది, ఇప్పుడు మొత్తం కనిపిస్తోంది.

బోరు పాట చివర్న వచ్చింది. గిటారు గర్రుమంటూ నేలలోకి దిగుతోంది.

'పన్నెండొందల అడుగులాయె, చెమ్మ లేదన్నో
ఆపొద్దు మిషనాపొద్దు, ఇంకో అడుగన్నో'

మైదానం అంతా 'ఇంకో అడుగు' అని అరిచింది. నేనూ అరిచాను. రెండోసారి హేమావతి కంటే గట్టిగా అరిచాను. ఆమె తిరిగి నన్ను చూసింది. నేను వెంటనే చొక్కా గుండీ సర్దుకున్నాను.

పాట మధ్యలో, అలవాటు ప్రకారం, వీరేష్ వేదిక దిగి కంచె దగ్గరికి వచ్చాడు. అందరితో చేతులు కలుపుతూ మా వైపే వస్తున్నాడు. పది అడుగుల దూరం. హేమావతి సంచిని గుండెలకు అదుముకుని అలాగే నిలబడింది.

"ఇయ్యి," అన్నాను.

"నవ్వుతారు."

"నవ్వితే నన్ను చూసి నవ్వుతారు. తప్పు నాదని చెప్పు. నేత మాత్రం అంత బాగుండాది, దాన్ని సంచిలో పెట్టుకోని వాపసు పోతామా?"

ఆమె ఒక్క క్షణం నా ముఖంలోకి చూసింది. తర్వాత సంచిలోంచి కండువా తీసి, అసలు ముఖం పైకి ఉండేలా మడత విప్పి, రెండు చేతులతో అతనికి అందించింది.

వీరేష్ దాన్ని తీసుకుని లైటు వెలుగులో పట్టుకున్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు కిసుక్కుమన్నారు. "తిరగేసి నేసినార్రా," అని ఎవరో అన్నారు. హేమావతి చెవులు ఎర్రబడ్డాయి.

"ఇది ఏం భాషమ్మా?" అన్నాడు వీరేష్, మైకులోనే.

వాళ్ళింటి మగ్గం కింది అద్దం ముక్క అప్పుడు గుర్తొచ్చింది నాకు.

"తెలుగేన్నా," అని అరిచాను. "మెడలో వేసుకో. ఫోను తీసి సెల్ఫీ కెమెరాలో చూసుకో."

అతను కండువా వేసుకున్నాడు. ఫోను తీసి ముఖానికి ఎదురుగా పెట్టుకున్నాడు. డ్రమ్ము కొట్టే మనిషి కూడా ఆపి చూస్తున్నాడు.

"ఇంకో అడుగు," అని చదివాడు వీరేష్, నెమ్మదిగా. "నా టీషర్టుల మీద రాసేదంతా ఎదుటోళ్ళు చదవనీకి. ఇది నేను చదువుకోనీకి రాసినారు. నేను గూడా ఇంక చాలు అనుకునే దినాలు ఉంటాయి. అద్దం ముందర నిలబడినప్పుడు ఇది కనపడుతాది." ఫోను జేబులో పెట్టుకున్నాడు. "ఎవురి ఐడియామ్మా ఇది?"

మైకు హేమావతి ముందుకు వచ్చింది. 'నాదే' అంటే సరిపోయేది. అనదని నాకు తెలుసు.

"ఐడియా కాదన్నా. తప్పు."

"ఎవురి తప్పు?"

నేను చెయ్యి ఎత్తాను. ఆమె నా చెయ్యి పట్టుకుని కిందికి దించింది. దించాక వదల్లేదు.

"ఇద్దరిదీ," అంది మైకులో. "అట్ట కొట్టింది ఈయప్ప. నేసింది నేను."

మైదానం మొత్తం ఆ మాట విన్నది. వీరేష్ మా చేతుల వైపు చూసి నవ్వాడు.

"ఇట్లాంటి తప్పులు ఇంకా నాలుగు చేయండి," అని, ఆ కండువాతోనే వేదిక ఎక్కి, మిగిలిన పాట పాడాడు. ఆ పాట ఎలా పాడాడో నన్ను అడగొద్దు. నా ధ్యాసంతా నా కుడి చేతి మీదే ఉంది.

కచేరీ అయ్యాక మైదానం బయట బజ్జీల బండి దగ్గర నా బైకు పెట్టిన చోటికి వచ్చాం. పచ్చ డ్రెస్సు పిల్ల మమ్మల్ని దూరం నుంచే చూసి, వేరే దారి పట్టింది. జ్వరం సంగతి నాకు అప్పుడు పూర్తిగా అర్థమైంది. రెండో టికెట్టు మొదటి నుంచీ ఎవరిదో కూడా అర్థమైంది.

హేమావతి బండికి ఆనుకుని నిలబడింది.

"ఏడాదిగా నా దగ్గరకొచ్చి జరీ రంగు అడుగుతాండావు. ధర్మవరంలో జరీ ఎన్ని రంగులుంటాదో నీకు తెల్దా?"

నేను చేతిలో బండి తాళం అటూ ఇటూ తిప్పాను.

"అడుగు," అంది.

నేను ఒక అడుగు ముందుకు వేశాను.

"ఆ అడుగు కాదప్పా."

ఇంక తప్పించుకునే వీలు లేదు. తప్పించుకోవాలని కూడా లేదు. "నన్ను పెండ్లి చేసుకుంటావా హేమావతీ?" అన్నాను.

ఆమె చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. "వినపడల్యా. స్పీకర్ల దెబ్బకు చెవులు గుయ్యిమంటాండాయి. ఇంకోసారి అడుగు."

నేను ఊపిరి పీల్చుకుని గట్టిగా అడిగాను. ఎంత గట్టిగా అంటే, బజ్జీలాయన గరిటె ఆపి చూశాడు. పక్కన బండ్లు తీస్తున్న నలుగురు కుర్రాళ్ళు ఒక్కసారిగా "ఇంకో అడుగు" అని రాగం అందుకున్నారు.

హేమావతి వాళ్ళను చూసి నవ్వి, నా వైపు తిరిగింది. "ఫస్టే వినపడింది."

"మళ్ళ ఏంటికి ఇంకోసారి అడగమన్నావు?"

"నువ్వు మూడుసార్లు మధ్యలో మిషను ఆపినావు. ఈసారి ఆపుతావో లేదో చూస్తామని."

బండి స్టార్ట్ చేశాను. ఆమె ఎక్కి కూర్చుంది. ఖాళీ సంచిని మడిచి నా చొక్కా జేబులో కుక్కింది. మా మధ్య పెట్టాల్సింది ఇంకేమీ మిగల్లేదు.

ఊరు దాటాక ఆమె ముందుకు వంగి నా చెవి దగ్గర అంది.

"నాయనకు నేను చెప్తాలే. నువ్వు రేపట్నుంచే అట్టలు మొదలుపెట్టు. పెండ్లి చీరకు అక్షరాలొద్దు. నెమళ్ళే కొట్టు."