తొమ్మిదిమంది తోడు

ట్రాములో ఎవరి నుదుటి మీదైనా ఆకుపచ్చ పట్టీ కనిపిస్తే కాకినాడలో ఎవరూ పలకరించరు. కూరగాయల దుకాణంలో వాళ్లకి ముందుగా తూచి పంపేస్తారు. ఆ మనిషి ఒళ్లు ఇక్కడున్నా, మనసులో సగం ఇంకెవరికో కాపలా కాస్తోందని అందరికీ తెలుసు. దాన్ని తోడుపట్టీ అంటారు. ఇరవయ్యొకటో శతాబ్దం ముగియడానికి కొన్నేళ్లే మిగిలిన ఆ రోజుల్లో, కళ్లజోడు ఎంత మామూలో తోడుపట్టీ కూడా అంత మామూలు.

దెబ్బ తగిలి దీర్ఘనిద్రలోకి జారిపోయిన మెదడు తన లయని తాను నిలుపుకోలేదు. మెలకువగా ఉన్న మరో మెదడు లయని తరంగాల మీద అందిస్తే, ఈత రానివాడు గట్టు పట్టుకున్నట్టు దాన్ని పట్టుకుని నిలబడుతుంది. శాస్త్రజ్ఞులు దీనికి న్యూరల్ ఎంట్రైన్‌మెంట్ అని పేరు పెట్టారు. పత్రికలవాళ్లు లయదానం అన్నారు. జనం మాత్రం తోడుండడం అని ఊరుకున్నారు. ఎక్కడున్నా, ఏ పని చేసుకుంటున్నా పట్టీ పెట్టుకుంటే చాలు. చిక్కల్లా ఒక్కటే. పరాయివాళ్ల లయ పట్టదు. జీతమిచ్చి మనిషిని పెట్టుకుంటే కుదరదు. ఏళ్ల తరబడి కలిసి తిని, కలిసి పోట్లాడుకున్నవాళ్లే కావాలి. డాక్టరు ఆ మాట చెప్పినప్పుడు అమృతవల్లి ధీమాగా తలూపింది. వాళ్లింట్లో మనుషులకేం కరువు?

ఆమె చిన్నన్నయ్య శ్రీకర్ సముద్రంలో గాలిమరలు బాగుచేసే ఇంజనీరు. ఒకనాడు మర మీది నుంచి జారి పడ్డాడు. అప్పట్నుంచీ నిద్రాకేంద్రంలో పడుకునే ఉన్నాడు. భార్య వసుంధర, పెద్దన్నయ్య నరహరి, అమృతవల్లి, ఇంకా అక్కలు, బావలు, బాబాయి పిల్లలు కలిపి తొమ్మిదిమంది పట్టీలు కట్టుకున్నారు. రోజులో ఉన్న గంటల కన్నా మనం ఇస్తున్న గంటలే ఎక్కువ అని నరహరి కనిపించినవాళ్లందరికీ చెప్పుకునేవాడు. అది నిజం కూడా. అయినా శ్రీకర్ లయ నెలనెలా కిందికే జారుతోంది.

"మీ తొమ్మిది పట్టీల ఫైళ్లూ ఒక్కచోట కలిపి నాకివ్వండమ్మా," అంది నిద్రాకేంద్రం డాక్టరు మెహరున్నీసా. "ఎవరి ఫైలు వాళ్ల సొంతం. చట్ట ప్రకారం నేను తెరవకూడదు. మధ్యలో ఖాళీలున్నాయనుకోండి, లయ పడిపోవడానికి కారణం దొరికినట్టే. ఇంకో ఏడాది నిద్ర పొడిగిస్తాను."

"ఖాళీలేం లేకపోతేనండీ?" అన్నాడు నరహరి.

"ఇంత తోడున్నా నిలబడలేదంటే, ఇక ఆ మెదడుకి ఒడ్డుకొచ్చే శక్తి లేదన్నమాట. ప్రాణం నిలిపే యంత్రాలు ఆపెయ్యాలి."

నరహరి చెల్లెలి వైపు తిరిగాడు. "మన వల్లి చూసుకుంటుందిలెండి. పోర్టులో ఓడల రాకపోకల లెక్కలన్నీ కలిపేది ఇదే. దీనికి వెన్నతో పెట్టిన విద్య."

నిజానికి అది బడిపిల్లలు రాసే ప్రోగ్రామే. ప్రతి ఫైల్లోనూ ఫలానా వేళ నుంచి ఫలానా వేళ దాకా అని వరసలుంటాయి. అన్నిటినీ మొదలైన వేళ ప్రకారం పేర్చాలి. ముందుది ముగియకుండానే రెండోది మొదలైతే రెంటినీ కలిపి ఒకటి చెయ్యాలి. లేకపోతే అక్కడ తెగ్గొట్టాలి. అమృతవల్లి స్క్రిప్టు రాసి, ఆఫీసు యంత్రం కూర్పరికి ఇచ్చింది. రెప్పపాటులో తెర మీద గీతలు పడ్డాయి.

ప్రతి సాయంత్రం ఒక లావుపాటి గీత. మిగతా రోజంతా తెల్లగా ఉంది. ఉదయాలు లేవు, మధ్యాహ్నాలు లేవు, తెల్లవారుజాములు అసలే లేవు.

పదిమందిలో పాము చావదని ఊరికే అనలేదు. సాయంత్రం అందరికీ వీలు. పైగా పట్టీలో ఒకరి మాటలు ఒకరికి వినిపిస్తాయి. చందువా చేపల ధరలు, పిల్లల చదువులు, ఎవరింటి కోడలో ఎవరినో ఏదో అన్న మాట, అన్నీ అక్కడే. మధ్యలో శ్రీకర్ పడుకుని ఉండేవాడు. మిగతా వేళల్లో ఎవరో ఒకరు ఉండే ఉంటారని తొమ్మిదిమందీ అనుకున్నారు.

"నా ఫైలు తీసేసి మళ్లీ కలుపు," అంది కూర్పరితో.

గీతలు కదల్లేదు. ఆమె ఇచ్చిన ప్రతి నిమిషమూ వేరొకరి నిమిషం కిందే ఉంది. వసుంధర ఫైలు తీయించి చూసింది. నరహరిది తీయించింది. మొదటివారంలో ఒకటి రెండు చుక్కలు పోయాయి తప్ప, ఏ ఒక్కరిది తీసినా మొత్తంలో తేడా రాలేదు. ఇన్నాళ్లూ అన్నయ్య కోసం ప్రాణం పెడుతున్నాననుకుంది. తను లేకపోయినా అతనికి ఒక్క నిమిషం తగ్గేది కాదు. అమృతవల్లి కుర్చీలోనే ముఖం కప్పుకుని ఏడ్చింది.

మర్నాడు సెలవు పెట్టి, మధ్యాహ్నం ఇంట్లో ఒక్కతే కూర్చుని పట్టీ పెట్టుకుంది. అవతల ఎవరి గొంతూ లేదు. మొదటిసారిగా ఆమె, అన్నయ్య, అంతే.

ముందు ఒక చల్లదనం తెలిసింది. ఆ వెనకే భయం వచ్చింది. అది ఆమె భయం కాదు. చీకట్లో ఎటు చెయ్యి చాపినా ఏమీ అందని మనిషి భయం. పేరు కూడా గుర్తులేని మనిషి పిలుపు. దానికి మాటల్లేవు, ఆగడమూ లేదు. ఆమె ఊపిరి కూడదీసుకుని, "అన్నయ్యా, నేనేరా," అని పైకే అంది. భయం ఆమెని ఇంకా గట్టిగా పట్టుకుంది. పట్టీ ఎప్పుడు పీకి పారేసిందో ఆమెకే తెలియదు. పొయ్యి మీద పెట్టిన అన్నం ఇంకా ఉడకనైనా లేదు.

పరిశోధన పత్రాల్లో ప్రతిలయ అని ఒక మాటుంది. నిద్రించేవాడి నుంచి కూడా రవ్వంత తిరిగి వస్తుందని, దాన్ని లెక్కలోకి తీసుకోనక్కర్లేదని రాశారు. ప్రయోగాలు ఎప్పుడూ గుంపులతోనే చేశారు మరి. తొమ్మిదిమంది పంచుకుంటే దురదపాటి బాధ కూడా ఉండదు. ఒక్కరే ఉంటే మొత్తం ఆ ఒక్కరి మీదే పడుతుంది.

ఆమె తిన్నగా వసుంధర దగ్గరికి వెళ్లింది. వసుంధర పెరట్లో బట్టలు ఆరేస్తోంది.

"వదినా, నువ్వెప్పుడైనా ఒక్కదానివే కూచున్నావా?"

వసుంధర చేతిలో దుప్పటి అలాగే ఉండిపోయింది. "మొదటివారంలో. ఒక్కసారి."

"మరి చెప్పేవు కాదేం?"

"చెప్తే నువ్వూ మానేస్తావని భయమేసిందే. మీ పెద్దన్నయ్యా కూచున్నారు. ఆయన చెప్పలేదు గానీ మొహం చూస్తే తెలిసిపోయింది. ఆ మర్నాటి నుంచీ సాయంత్రాలే వస్తానన్నారు. అందరూ అంతేనేమో. ఎవర్నడుగుతాం?"

"ఉన్నదున్నట్టు ఇస్తే ఇంకో ఏడాది పొడిగిస్తారు వదినా."

"ఆ పగళ్లన్నీ ఎవరు కూచుంటారు? నువ్వు కూచుంటావా?"

కూచుంటానని చెప్పడానికే అమృతవల్లి నోరు తెరిచింది. చెప్పకుండానే మూసి, తీగ మీది తడిబట్ట సర్దింది.

"నేనూ కూచోలేనే వల్లీ," అంది వసుంధర. కన్నీళ్లు దుప్పటి మీద పడుతున్నా తుడుచుకోలేదు. "కట్టుకున్నదాన్ని. నేనే కూచోలేకపోతున్నాను."

ఆఫీసుకి తిరిగివచ్చాక అమృతవల్లి కూర్పరిని మరొకటి అడిగింది. ఓడల లెక్కల్లో సిగ్నలు కాసేపు తెగిపోతే దాన్ని తెగినట్టు చూపరు. ఎంతసేపు తెగితే అతికించవచ్చో చెప్పే అంకె ఒకటుంటుంది. ఇంగ్లీషులో టాలరెన్స్, పోర్టు భాషలో సహన పరిమితి.

"ఎంత విరామాన్ని విరామం కాదనుకోమంటారు?" అంది కూర్పరి.

ఆమె చెప్పింది.

"అంత ఇస్తే ఖాళీ ఒక్కటీ మిగలదు. కారణం నమోదు చెయ్యనా?"

"ఏం రాస్తావు?"

"మీరేం చెప్తే అది."

అన్నయ్యని ఆ చీకట్లోంచి విడిపించడానికి అని చెప్పబోయింది. అది అబద్ధం కాదు. ఇంకో ఏడాది ఆ పిలుపు వినలేక అని చెప్పినా అబద్ధం కాదు. ఎంత ఆలోచించినా ఏది ఎంతో ఆమెకి తేలలేదు. రెండూ ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి.

"ఏమీ రాయకు," అంది.

తెల్లటి చోట్లన్నీ మూసుకుపోయి, ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒక్కటే గీత మిగిలింది.

ఆపే రోజు తొమ్మిదిమందీ పట్టీలు కట్టుకుని మంచం చుట్టూ కూర్చున్నారు. ఆ సాయంత్రం ఎవరూ చేపల ధరలు మాట్లాడలేదు. నరహరి ఎక్కిళ్లు పెట్టి ఏడుస్తూ తమ్ముడి పాదాలు నిమురుతున్నాడు. వసుంధర ఎవరి వంకా చూడలేదు. తొమ్మిదిమంది పంచుకోవడం వల్ల భయం దాదాపు ఎవరికీ తెలియలేదు. శ్రీకర్ ముఖం ప్రశాంతంగానే ఉంది.

డాక్టరు మెహరున్నీసా ఆ గీతను మరోసారి ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చూసి, కళ్లజోడు తీసి పక్కన పెట్టింది. లెక్క సరైనదేనని సంతకం పెట్టాల్సిన చోటు అమృతవల్లికి చూపించింది.

"అంతుపట్టడం లేదమ్మా," అంది. "ఈ ఏడాది నా దగ్గరికొచ్చిన లెక్కలన్నీ ఇలాగే ఉన్నాయి. ఏ ఒక్క కుటుంబమూ ఒక్క గంట వదల్లేదు. అయినా ఒక్కరూ లేవడం లేదు. మనుషుల వైపు నుంచి ఏ లోటూ లేదు. లోపం యంత్రంలోనే ఎక్కడో ఉండుంటుంది."

"అయ్యుంటుందండీ," అంది అమృతవల్లి, సంతకం పెడుతూ.