ఒక్క ఊపిరిసేపు

కంటికి కనబడక కదలాడుతూ, పిలవకుండానే ప్రతి ప్రాణి గుండెలోకి వచ్చిపోయే వాయుదేవా, నీకు వందనం. నిన్ను సీసాలో పట్టే ఒక పిల్ల కథ చెప్పబోతున్నాను. నా మాట తడబడకుండా చూడు స్వామీ.

సముద్రానికి ఎదురుగా ఒక కొండ. ఆ కొండ మీద, మబ్బులు గడప దాకా వచ్చి తొంగిచూసే రెండు గదుల కేంద్రం. గాలిని సీసాలలో పట్టి పరీక్షశాలకు పంపడమే అక్కడి పని. ఆ పనికి జీవితమంతా ధారపోసిన తండ్రి, ఆయాసం ముదిరి, ఊపిరి నిలపలేక కుర్చీకి పరిమితమైనాడు. బాధ్యత కూతురిదైంది. కింద బజారులో ఆమెను అందరూ సీసాలమ్మాయి అంటారు.

గాలిని లాగే పంపు చెడిపోయినందువల్ల, ఆమె స్వయంగా గాలికి ఎదురు నిలిచి, ఊపిరి బిగబట్టి, సీసా మూత తిప్పుతోంది. లోపల శూన్యం చేసిన ఆ సీసా నిండడానికి సరిగ్గా ఒక్క ఊపిరిసేపు పడుతుంది.

ఒక ఉదయం ఆమె అలా సీసా పడుతుండగా, పంపు బాగుచేసే మెకానిక్ ఈల వేసుకుంటూ మెట్లెక్కి, గాలి వచ్చే వైపునే వచ్చి నిలిచాడు.

"ఏమండీ, పంపెక్కడండీ?"

ఆమె కళ్ళు ఉరిమాయి. పెదవులు కదలలేదు.

"వినబడదా? అయ్యో, సారీ అండీ. పం... పు!" అంటూ చేతులతో నీళ్ళు తోడినట్టు అభినయించాడు.

ఆమె బుగ్గలు దానిమ్మ మొగ్గలైనాయి. అతడది సిగ్గనుకుని, ఒక చిరునవ్వు కూడా బహూకరించాడు.

మూత టక్కున బిగిసింది.

"వినబడకేం! మీ ఊపిరంతా నా సీసాలో పడింది, తెలుసా?"

"నా ఊపిరికేం వచ్చిందండీ? పొద్దున్నే శుభ్రంగా పళ్ళు తోముకునే వచ్చాను."

లోపలి కుర్చీలోంచి దగ్గో నవ్వో తెలియని చప్పుడు వినబడింది.

"మనం వదిలే ఊపిరిలో కార్బన్ డయాక్సైడు బయటి గాలికంటే వంద రెట్లుంటుంది. నేను పట్టుకోవలసింది ఏడాదికి చిటికెడు పెరుగుదల. మీ ఒక్క ఈలతో అది కాస్తా గల్లంతు! దీన్ని పంపను, మళ్ళీ పడతాను. కానీ పంపినవాటిలో ఇంకొక్క సీసా పాడైతే ఈ కొండ మీద సేకరణ ఆపేస్తామని పైనుంచి మెయిల్ వచ్చింది. నాన్న మొదలుపెట్టిన పని నా చేతుల్లో ఆగిపోతుంది."

అతని నవ్వు ఎటో ఎగిరిపోయింది. ఆనాటినుంచి ఆమె సీసా ఎత్తితే చాలు, అతడు కేంద్రం వెనక్కి పోయి దాక్కునేవాడు.

పంపుకు కావలసిన భాగం దూరంనుంచి రావాలి. అది వచ్చేదాకా అతడక్కడే ఉండిపోయాడు. ఒక సాయంత్రం వాన మొదలైంది. చూరు నుంచి ధారలు జారుతుండగా అతడడిగాడు.

"ఇంతకీ ఆ చిటికెడుతో ఏం మునిగిపోతుందండీ?"

"ఎండ వెలుతురై దిగుతుంది. నేల వేడెక్కి ఆ వేడిని పైకి పంపుతుంది. ఈ వాయువు వెలుతురికి దారిస్తుంది గానీ, వేడిని పట్టుకుని కొంత మళ్ళీ కిందికే తోస్తుంది. అసలే లేకపోతే భూమి గడ్డకట్టేది."

"అంటే దుప్పటన్నమాట. మంచిదేగా మరి?"

"ఒకటైతే మంచిదే. బొగ్గూ పెట్రోలూ తగలేసి దాని మీద ఇంకోటి, ఇంకోటి కప్పుతున్నాం. పైగా, ఇంత ఉక్కగా ఉందేమిటని మనమే అడుగుతున్నాం."

ఆ వాయువు లెక్కలతో తండ్రి గోడ మీద గీసిన గీతను ఆమె చూపింది. అడవులు చిగిర్చి గాలిని పీల్చుకునే కాలంలో అది దిగుతూ, ఆకులు రాలే కాలంలో ఎక్కుతూ, అలలు అలలుగా సాగింది.

"భూమి ఊపిరి తీస్తున్నట్టుందండీ!"

"అవును. కానీ చూడండి, ప్రతి అల నిరుటి అలకంటే ఎత్తే."

ఆమె వేలు గీత వెంట నడిచింది. అతడు చూసినది గీతను కాదని వేరే చెప్పాలా?

భాగం వచ్చింది. పంపు తిరిగింది. తరువాతి పనికి దూరద్వీపానికి వెళ్ళే ఓడ దగ్గరికి అతణ్ణి తీసుకుపోయే జీపు మర్నాడే కొండ అవతలి పక్కన ఆగింది. చెప్పవలసిన మాటలు రాత్రంతా వల్లెవేసుకున్న అతడు ఆమెను వెతుక్కుంటూ వచ్చాడు. పంపు పనితీరును సరిచూడడానికి వారానికొకసారి చేత్తోనూ ఒక సీసా పట్టి పోల్చాలి. ఆమె అప్పుడే మూత తెరిచింది.

అంతలో గాలి దిశ మారింది. ఆమెకు వెనుకగా నిలిచినవాడు ఒక్కసారిగా గాలి వచ్చే వైపున పడ్డాడు.

జీపు హారను మోగింది. 'వస్తున్నా' అని ఒక్క కేక వేస్తే ఆగును. అతడు రెండు చేతులతో నోరూ ముక్కూ మూసుకుని శిలలా నిలిచిపోయాడు. మొదటిరోజు ఆమె ముఖం ఎరుపెక్కినట్టే ఇప్పుడతని ముఖమూ ఎరుపెక్కింది. ఇద్దరి కళ్ళూ కలిసి అలాగే నిలిచాయి. పొగమంచు వారి చుట్టూ మెల్లగా తిరిగింది. హారను మళ్ళీ మోగి, దూరమై, అలల హోరులో కలిసిపోయింది.

మూత బిగిసింది.

"మీ జీపు వెళ్ళిపోయింది! కేకెయ్యొచ్చుగా?"

"మూత... తెరిచి ఉందిగా," అన్నాడతడు రొప్పుతూ.

ఆమె సీసా వంక చూసింది. అతని వంక చూసింది.

"ఇప్పుడు మూసే ఉంది. చెప్పండి."

వల్లెవేసినదంతా మరిచిపోయాడు పాపం.

"మీరు ఎదురుగా ఉంటే, మూత తెరిచినా మూసినా నాకు ఊపిరాడదండీ."

"అయ్యో, ఆయాసం మా నాన్నొక్కడికే అనుకున్నానే!" అంటూనే ఆమె కొంగుతో నవ్వు దాచుకుంది.

"నేనన్నీ వింటూనే ఉన్నానమ్మాయ్! గాలి ఇటే వీస్తోంది," అన్నాడు తండ్రి లోపలినుంచి. "ఊపిరి నిలపగలిగినవాడు కోపాన్నీ ఆపుకోగలడు. లోపలికి రా బాబూ. మీ అమ్మగారికి ఫోను కలుపు."

మరుసటి వారం జీపు మళ్ళీ వచ్చింది. అందులో పరీక్షశాల నివేదిక వచ్చింది. సీసా నిర్మలం, పంపు పట్టిన గాలితో సరిపోలింది, సేకరణ కొనసాగించవచ్చును. ఆ జీపులోంచే కాబోయే కోడలిని చూడడానికి అతని తల్లీ దిగింది. మెట్ల మొదట్లోనే కొడుకు ఎదురొచ్చి చెవిలో చెప్పాడు.

"అమ్మా, పైన కాసేపు మాట్లాడకు. నీ కోడలు సీసా పట్టుకుని ఉంది."

ఈ కథ విన్నవారికి నిండు ఊపిరి కలుగుగాక. మబ్బులు వేళకు కురియుగాక. మన తరువాత పుట్టే పసివాళ్ళ తొలి ఊపిరికి తేట గాలి దక్కుగాక. స్వస్తి.