బర్మా ఎల్లారావు గొంతు

"మీకు నోరుందా, లేదా?" అంది గౌరీశ్వరి.

రేడియో స్టూడియో గోడమీద ఎర్రలైటు వెలుగుతూనే ఉంది. ఎల్లారావు మైకును చూస్తూ మూడు నిమిషాలు కూర్చున్నాడు. ఒక్క మాట రాలేదు.

"ఉందండి. ఇందాక బయట టీ అడిగాను కదా."

"ఆ గొంతుతోనే ఆట చెప్పండి."

"టీ కొట్టోడు ఒక్కడేనండి. ఇక్కడ మూడు జిల్లాలు ఇంటాయి."

ఆమెకు నవ్వొచ్చింది. కానీ నవ్వలేదు, భయపడింది. కలకత్తాలో ఆడొచ్చాడని విని, ఫుట్‌బాల్ కామెంటరీకి ఇతని పేరు సూచించింది తనే. తనది నెలకు ఆరు రోజుల క్యాజువల్ అనౌన్సర్ ఉద్యోగం. సూచించిన మనిషి మూగవాడని తేలితే ఆ ఆరు రోజులూ పోతాయి.

అది 1981 జూన్. ఎల్లారావుకు ముప్పై ఒకటి. రంగూన్‌లో పుట్టాడు. అక్కడ మనవాళ్ళని ఉండనివ్వని రోజుల్లో, పద్నాలుగేళ్ళప్పుడు, తల్లితో ఓడెక్కి విశాఖ వచ్చి కంచరపాలెం బర్మా క్యాంపులో పెరిగాడు. బంతి తన్నడం తప్ప మరేదీ చేతకాలేదు. కలకత్తాలో ఒక క్లబ్బు జీతమిచ్చి ఎనిమిదేళ్ళు ఆడించుకుంది. తొమ్మిదో ఏట మోకాలు విరిగింది. తల్లి అప్పటికే పోయింది. కుంటుకుంటూ విశాఖ తిరిగొచ్చి కార్గో ఆఫీసులో గుమాస్తాగా చేరాడు.

పరీక్ష పెట్టిన అధికారి దయగలవాడు. నెల గడువిచ్చాడు.

"నెలరోజులు మధ్యాహ్నం ఇక్కడికి రండి," అంది గౌరీశ్వరి. "ఆ వరండాలోంచి రోడ్డు కనిపిస్తుంది. రోడ్డుమీద ఏది కదిలితే అది చెప్పండి."

మొదటిరోజు అతను గొంతు సవరించుకున్నాడు. "వాహనం దక్షిణ దిశగా అతివేగంతో గమిస్తున్నది..."

"ఎవరండీ మీకీ భాష నేర్పింది?"

"రేడియో అంటే ఇలాగే మాటాడాలి కదండీ."

"నాతో మాట్లాడినట్టు మాట్లాడండి."

అతను రోడ్డువైపు చూశాడు. "లూనా బండి లెఫ్ట్ వింగ్‌లో వత్తన్నాది. ఎదురుగా మేక. మేక కదల్లేదు. లూనా తప్పుకుంది. మేకకి ఒక గోలు."

ఆమె ఈసారి నవ్వేసింది. వాన మొదలైంది. చూరునీళ్ళు పడుతుంటే ఇద్దరూ గోడవైపు జరిగారు. ఆమె భుజానికీ అతని భుజానికీ మధ్య జానెడు దూరం మిగిలింది. అతను వానను వదిలి ఆ జానెడు దూరాన్నే చూశాడు. ఆమె గమనించింది, గమనించనట్టు నిలబడింది.

"మీకు నిజంగా మైకంటేనే భయమా?" అంది మెల్లగా.

"మైకు కాదండి. జనం. మోకాలు టక్కుమన్నప్పుడు స్టేడియం అంతా ఒక్కసారి అరిసింది. ఆ అరుపు ఇప్పటికీ ఇనిపిత్తాది. జనం గుర్తొత్తే గొంతు ఎండిపోద్ది."

ఆమె మర్నాడు ఇంటినుంచి మజ్జిగ తెచ్చింది.

నెల తిరిగేసరికి ఎల్లారావు పరీక్ష నెగ్గాడు. లీగ్ ఆటలు చెప్పసాగాడు. ప్రతి ఆటకు ముందూ భయం వేసేది. పక్కనే స్కోరు కాగితం పట్టుకుని ఆమె కూర్చుంటే మాత్రం మాట తెగేది కాదు.

ఆగస్టులో ఒకరోజు గౌరీశ్వరి అంది: "నాన్న నాకు సంబంధం చూస్తున్నారు. మీరొచ్చి అడగండి."

"నాకు భయమండి."

"మీకు దేనికి భయం లేదో చెప్పండి. త్వరగా అయిపోతుంది."

ఆ ఆదివారమే వెళ్ళాడు. గౌరీశ్వరి తండ్రి అప్పలసూరి ఆనందపురం రైతుబిడ్డ. హార్బరులో క్రేను నడుపుతాడు. మంచంమీద కూర్చోబెట్టి కాఫీ ఇప్పించాడు. అంతా విన్నాడు.

"బాబూ, నీలో తప్పు లేదు. కానీ రేపు నీకేటైనా అయితే మా గౌరి ఎవరి గుమ్మం తొక్కుతాది? నీకా అన్నదమ్ముల్లేరు, మేనమామల్లేరు. కాలు సూత్తే అలాగుంది. ఆడపిల్ల తండ్రిని. నాకు భయం బాబూ."

తిట్టి ఉంటే ఎల్లారావు ఎదురుచెప్పేవాడే. ఆ ముసలి కళ్ళలో నిజంగానే భయం కనిపించింది. నమస్కారం పెట్టి వచ్చేశాడు. తలుపు చాటున గౌరీశ్వరి ఎంతసేపు నిలబడిపోయిందో అతనికి తెలియదు.

సెప్టెంబరులో ఫైనల్. రెండురోజులుగా ముసురు. మైదానం చుట్టూ గోడ, బయటికి ఒకటే గేటు. తూర్పున సరుగుడు వాసాలతో కట్టిన గేలరీ జనంతో నిండిపోయింది. కామెంటరీ మైకును ఆరోజు మైదానం లౌడ్‌స్పీకర్లకు కూడా కలిపారు.

"మా నాన్నొచ్చారు," అంది గౌరీశ్వరి. గేలరీ నడిమి వరసలో అప్పలసూరి ట్రాన్సిస్టర్ చెవికి ఆనించుకుని కూర్చున్నాడు. "మీ మాట వినడానికే."

రెండో సగం మొదలైన పది నిమిషాలకు గేలరీ కూలిపోయింది.

ముందు ఒక వాసం విరిగిన చప్పుడు. తర్వాత వరసలన్నీ లోపలికి దిగిపోయాయి. మైదానమంతా ఒక్కసారి అరిచింది.

ఎల్లారావు గొంతు ఆగిపోయింది. గౌరీశ్వరి లేచి నిలబడి "నాన్న" అంది, గాలి పీల్చినంత మెల్లగా. అప్పటికే మిగతా జనం గేటువైపు పరుగెడుతున్నారు. అక్కడ ఆడవాళ్ళూ, చంటిపిల్లలూ ఇరుక్కుపోయి ఉన్నారు. గేలరీకంటే ఆ గేటే ఎక్కువమందిని చంపుతుందని అతనికి అర్థమైంది. మైకును రెండుచేతులా పట్టుకున్నాడు.

"ఆగండి. నాను ఎల్లారావుని. గేటు కాడ పిల్లలున్నారు, తొక్కేత్తారు. ఎనక్కి తిరగండి. గ్రౌండులోకి వచ్చి గడ్డిమీద కూకోండి. ఎర్రచొక్కా బావా, నిన్నే. నువ్వు కూకుంటే నీ ఎనకోళ్ళు కూకుంటారు."

ఎర్రచొక్కా కూర్చున్నాడు. పక్కవాళ్ళు కూర్చున్నారు. గేటు దగ్గర ఊపిరాడింది.

"ఆటగాళ్ళందరూ గేలరీ కాడికి ఎల్లండి. వాసాలు పైనుంచి తియ్యండి. కిందవి లాగకండి, మీదోళ్ళు పడిపోతారు."

ఒక చేత్తో మైకు మూసి గౌరీశ్వరితో అన్నాడు: "నువ్వెల్లు. బయటికొచ్చినోళ్ళ పేర్లు రాసి తీసుకురా. ఇళ్ళకాడ రేడియో ఇనీవోళ్ళు బెంగతో సచ్చిపోతంటారు."

ఆమె చెప్పులు వదిలేసి బురదలోకి పరుగెత్తింది. కాగితం తెచ్చింది. అతను చదివాడు: కాశమ్మ, కాలికి దెబ్బ, మాట్లాడుతోంది. నీలకంఠం, క్షేమం. గురువులు, క్షేమం. రెండో కాగితం, మూడో కాగితం. ప్రతి కాగితంలోనూ ముందు ఒక్క పేరుకోసం వెతికాడు. అది లేదు. తడిసిన జుట్టుతో ఆమె మళ్ళీ వెళుతుంటే, తర్వాతి కాగితం రాకపోతే బావుండునని కూడా అనిపించింది.

ముప్పావుగంట గడిచాక ఆమె వచ్చింది. కాగితంమీద ఒకటే పేరు. అప్పలసూరి, ఆనందపురం. భుజం ఎముక విరిగింది. బతికి ఉన్నారు.

అతను నోరు తెరిచాడు. ఇంతసేపూ నిలబడిన గొంతు అక్కడ పూడుకుపోయింది. గౌరీశ్వరి అతని చేతిలోంచి మైకు తీసుకుని, వార్తలు చదివినట్టే నిదానంగా తండ్రి పేరు చదివింది. చదివాక బల్లమీద తల వాల్చి ఏడ్చింది.

పదిహేడుమందికి ఎముకలు విరిగాయి. ప్రాణం ఎవరికీ పోలేదు.

మూడోనాడు ఆసుపత్రి వార్డులో అప్పలసూరి అతన్ని మంచం పక్కన కూర్చోమన్నాడు. కాళ్ళ దగ్గర గౌరీశ్వరి నారింజ వలుస్తోంది.

"నా మీద ఇద్దరు పడున్నారు బాబూ. ఊపిరాడలేదు. పైన వాసాలు తియ్యమని నువ్వు సెప్పడం ఇనిపించింది. అరవకుండా పడుకున్నాను."

"ఇప్పుడెలాగుందండి?"

"నొప్పి. దానికేటి గాని, నీతో ఓ మాట." ఆయన కట్టున్న భుజం సర్దుకున్నాడు. "నిన్ను సూత్తే నాకింకా భయమే. నీ కాలు సూత్తే భయం. నీ ఎనక ఎవరూ లేరంటే భయం. ఈ రెండు రాత్రులూ ఆలోసించాను. బలగం ఉన్నోడికిచ్చినా ఏదో భయం ఉంటాది. అది పోయాక ఇద్దామంటే నా బతుకంతా సాలదు."

గౌరీశ్వరి చేతిలో నారింజ తొక్క ఆగిపోయింది.

"అందుకే భయంతోనే ఇత్తన్నాను. సింహాచలంలో పెళ్ళి. నా కట్టు ఇప్పినాకే సుమా. కన్యాదానానికి రెండుచేతులూ కావాలి."

ఎల్లారావు ఆయన కాళ్ళకు దండం పెట్టబోయాడు. మోకాలు వంగలేదు. గౌరీశ్వరి లేచి, అతని మోచేయి పట్టుకుని మెల్లగా కిందికి దించింది.